గొలుసు విప్పిన తర్వాత



దివిసీమలో పులిగడ్డ దాటి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళే దారి మీలో చాలామందికి పరిచయమే. నాగాయలంక దాటి సొర్లగొంది వైపో, గుల్లలమోద వైపో కదిలితే వరిచేలు పలచబడి రొయ్యల చెరువులు, పీతల చెరువులు మొదలవుతాయి. గట్టు మీద కాపలా పాక, పాక పక్కన కొయ్యకు కట్టిన కుక్క. ఒకప్పుడు అది ఊరకుక్కే అయ్యుండేది. ఇప్పుడు జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, లాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతి కుక్కలు కూడా కనిపిస్తున్నాయి. మేత బస్తాలకు, మోటార్లకు, పట్టుబడికి వచ్చిన సరుకుకు కాపలా కావాలి. పెద్ద కుక్కను చూస్తే దొంగ జంకుతాడు. ఆ అవసరాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

చిక్కు వచ్చేది పంట దెబ్బతిన్నప్పుడు, లీజు ముగిసినప్పుడు. మోటార్లూ వలలూ బండి ఎక్కుతాయి. కాపలా మనిషి సొంతూరు వెళ్ళిపోతాడు. నలభై కిలోల కుక్కను ఎక్కడికి తీసుకెళ్ళాలో ఎవరికీ తోచదు. బందరు, గుడివాడ లాంటి పట్నాల్లో మరో తీరు. ముచ్చటపడి కొన్న పిల్ల ఏడాది తిరిగేసరికి గుమ్మం పట్టనంత అవుతుంది. తిండి ఖర్చు పెరుగుతుంది, అద్దె ఇంటివాళ్ళు ఒప్పుకోరు. చివరికి ఏ బైపాస్ పక్కనో వదిలేస్తారు. ఏ దారిన వచ్చినా ఆ కుక్క చేరే స్థితి ఒకటే. ఎముకల గూడు, పుండు పడిన మెడ, దెబ్బతిన్న కాలు, మనిషి అడుగు వినబడితే వణుకు. అలాంటి కుక్కను బతికించి మళ్ళీ మనుషుల మధ్యకు తేవడం ఎలాగో ఈ పూట చెప్పుకుందాం.

మొదటే ఒక మాట. మన ఊళ్ళలో జాలికి కొదవ లేదు. అయితే జాలి వెంటే తొందర కూడా వస్తుంది. చిక్కి శల్యమైన జంతువు విషయంలో ఆ తొందర ప్రాణం మీదికి తెస్తుంది. కడుపునిండా పెట్టేయాలనిపిస్తుంది, పుండును వెంటనే కడిగేయాలనిపిస్తుంది, నొప్పి తగ్గించే బిళ్ళ ఏదో ఒకటి వేసేయాలనిపిస్తుంది. ఈ మూడింటిలో ఏది తొందరపడి చేసినా మనం కాపాడాలనుకున్న ప్రాణమే పోవచ్చు. గొలుసు విప్పడం ఒక నిమిషం పని. ఆ తర్వాత నెలల తరబడి ఓర్పుతో చేసేదే అసలు వైద్యం.

ముందుగా దగ్గరికి వెళ్ళడం. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడకండి, మీద వంగకండి. పక్కకు తిరిగి, కాస్త దూరంలో కూర్చోండి. ఒక గిన్నెలో మంచినీళ్ళు పెట్టి దాని వైపు జరపండి. సముద్రం దగ్గరి చెరువుల మీద మంచినీళ్ళు దొరకడమే కష్టం. చుట్టూ నీళ్ళున్నా అవి ఉప్పునీళ్ళు. దాహం తట్టుకోలేక ఆ నీళ్ళు తాగిన కుక్క ఒంట్లో ఉన్న తడి కూడా పోగొట్టుకుంటుంది. అందుకని మొదటి మందు మంచినీళ్ళే. గిన్నెడు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా, వాంతి కాకుండా చూసుకుంటూ ఇవ్వాలి.

ఎత్తేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. బండి గుద్దిన కుక్కకు వెన్నెముక విరిగి ఉండవచ్చు. ముందరి కాళ్ళు ఒకరు, వెనక కాళ్ళు ఒకరు పట్టుకుని లేపితే ఆ విరుగు కాస్తా శాశ్వతమైన పక్షవాతం అవుతుంది. పక్కన ఒక తలుపు చెక్కో, నవారు మంచమో, గట్టి దుప్పటో పరచి, ఒళ్ళంతా ఒక్క మట్టాన దాని మీదికి జరపాలి. పెద్ద కుక్కకు ఇద్దరు చాలరు, ముగ్గురుండాలి. కరుస్తుందన్న భయం ఉంటే మెత్తని గుడ్డపీలికతో మూతి కట్టవచ్చు. రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టకూడదు. కుక్క తన ఒంటి వేడిని రొప్పుతూనే దించుకుంటుంది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ వేడి త్వరగా దిగదు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే వడదెబ్బ. అలాంటప్పుడు బయలుదేరే ముందే ఒంటి మీద మామూలు నీళ్ళు పోసి, గాలి ఆడేలా చేసి, ఆ తర్వాత బండి ఎక్కించాలి.

ఇక తిండి. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు నెలల తరబడి పస్తులున్న ఖైదీలు విడుదలయ్యారు. కడుపునిండా తిన్న తర్వాత వారిలో కొందరు చనిపోయారు. అప్పుడు వైద్యులు గమనించిన సంగతే కుక్కకూ వర్తిస్తుంది. చాలాకాలం తిండి లేని ఒంట్లో భాస్వరం, పొటాషియం, బి1 విటమిన్ నిల్వలు అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా పళ్ళెం నిండా అన్నం పడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో మిగిలిన ఆ కాస్త భాస్వరం, పొటాషియం కూడా కణాల్లోకి వెళ్ళిపోతాయి. గుండె లయ తప్పుతుంది, ఊపిరి కండరాలు పట్టు వదులుతాయి. బాగా తిన్నదని మనం సంతోషించిన రెండు మూడు రోజుల్లోనే కుక్క కుప్పకూలుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. 30 కిలోల కుక్కకు, ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా, రోజుకు దాదాపు 900 కేలరీలు కావాలి. బాగా ఎండిపోయిన కుక్కకు మొదటి రోజు అందులో నాలుగో వంతు, అంటే సుమారు 225 కేలరీలు పెడితే చాలు. ఒక కోడిగుడ్డు దాదాపు 70 కేలరీలు. ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, వీటిని నాలుగైదు పూటలుగా పంచి పెట్టాలి. అన్నం చాలా తక్కువగా ఉండాలి. డాక్టరు చూస్తూ ఉండగా నాలుగైదు రోజుల్లో మెల్లగా పూర్తి కొలతకు తేవాలి. ఆకలితో మన ముఖం వైపు చూస్తున్న ప్రాణికి తక్కువ పెట్టడం మనసుకు కష్టమే. దాని మేలు కోరేవాళ్ళు ఆ కష్టాన్ని ఓర్చుకోక తప్పదు.

కుక్క కోలుకున్న తర్వాత కూడా పెద్ద జాతికి ఒక నియమం ఉంది. ఛాతీ లోతుగా ఉండే గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి కుక్కలకు రోజుకు ఒకే పూట పెద్ద తిండి పెట్టి, వెంటనే పరుగెత్తనిస్తే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అలా మెలిపడితే కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. అందుకని రెండు మూడు పూటలుగా పెట్టి, తిన్న తర్వాత గంటసేపు పడుకోనివ్వాలి.

ఇప్పుడు గాయం సంగతి. బిగిసిన గొలుసు నెలల తరబడి ఒరుసుకుంటే మెడ చర్మంలోకి దిగిపోతుంది. దాని మీద కండ కూడా పెరుగుతుంది. అలాంటి గొలుసును ఇంటి దగ్గర లాగకూడదు. మెడలోని రక్తనాళం తెగితే ఆపడం మనవల్ల కాదు. మత్తు ఇచ్చి డాక్టరే తీయాలి. పుండులో పురుగులు పడితే కిరసనాయిలు, ఫినాయిల్, కలరా ఉండల పొడి వేసే అలవాటు మన దగ్గర ఉంది. ఇవి పురుగులను చంపవచ్చు గానీ పచ్చికండను కాలుస్తాయి. కుక్క ఆ చోటును నాకుతుంది కాబట్టి విషం కడుపులోకీ వెళ్తుంది. చచ్చిన పురుగులు లోపలే మిగిలితే కుళ్ళు పెరుగుతుంది. డాక్టరు వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటే. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి మెల్లగా కడగడం, ఈగలు వాలకుండా శుభ్రమైన గుడ్డ కప్పడం.

నొప్పి బిళ్ళల మాట. మన ఇంట్లో ఉండే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు మన దేశంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషికి పనిచేసిన మందు మరో ప్రాణికి విషం కావచ్చని ఆ రాబందుల కథ మనకు చెబుతోంది.

డాక్టరు దగ్గరికి చేరడం దివిసీమలో ఒక పనే. మన రాష్ట్రంలో 2022 మే నుంచి సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి. 1962 నంబరుకు ఫోన్ చేసి వాటిని పిలవాలి. మండలంలోని పశువైద్యశాల మొదటి ఆసరా. ఎముక విరిగితే, ఎక్స్‌రే, ఆపరేషన్ కావాలంటే విజయవాడ దాకా, లేదా గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దాకా వెళ్ళాలి. నాగాయలంక నుంచి రెండు గంటలకు తక్కువ కాని ప్రయాణం. అందుకే బయలుదేరే ముందు స్థానిక డాక్టరు చేత రక్తస్రావం ఆపించి, సెలైన్ ఎక్కించి, నొప్పికి సూది వేయించుకుని కదలడం మంచిది.

పైకి కనిపించే గాయం మానుతున్నా కుక్క కళ తప్పుతూనే ఉంటే రక్తం పరీక్ష చేయించండి. చిగుళ్ళు పాలిపోవడం, జ్వరం, ముక్కు నుంచి రక్తం, ఇవి గోమార్ల వల్ల వచ్చే జ్వరానికి గుర్తులు. ఎర్లికియా అనే సూక్ష్మజీవి దీనికి కారణం. జర్మన్ షెపర్డ్ జాతి దీనికి తేలిగ్గా లొంగుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వెంట వెళ్ళిన ఈ జాతి కుక్కలు వందకు మించి ఈ జబ్బుతోనే చనిపోయాయి. దీనికి డాక్సీసైక్లిన్ అనే మామూలు మందు ఉంది. సాధారణంగా 4 వారాలు వాడాలి. వారం తిరగకుండానే కుక్క తోక ఊపుతూ తినడం మొదలెడుతుంది, మనం మందు ఆపేస్తాం. జబ్బు లోపల దాక్కుని మళ్ళీ లేస్తుంది. కుక్క కులాసాగా కనిపించినా చివరి బిళ్ళ వరకూ వేయాల్సిందే. మన డెల్టాలో ఎలుకలు ఎక్కువ, నిలవనీరు ఎక్కువ. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకూ మనిషికీ సోకుతుంది. కామెర్లు కనిపించిన కుక్కను చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

లేవలేని పెద్ద కుక్కకు దాని బరువే శత్రువు. పడుకున్న వైపు మోచేతుల దగ్గర, తుంటి దగ్గర చర్మం ఒత్తుకుని పుండు పడుతుంది. సిమెంటు నేల మీద పడుకోబెట్టకూడదు. మన దగ్గర వరిగడ్డికి కొరత లేదు కదా. మందంగా గడ్డి పరచి, పైన గోనెసంచి వేసి, తడిసినప్పుడల్లా మార్చండి. రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. ఎముక విరగలేదని డాక్టరు చెప్పాక కాళ్ళను మెల్లగా ముడిచి చాపుతూ రోజుకు మూడుసార్లు కదిలించాలి. పొట్ట కింద తువ్వాలు పోనిచ్చి, రెండు కొసలూ పైకి పట్టుకుని నిలబెట్టాలి. మొదట ఒక నిమిషం నిలబడినా అది విజయమే. గాయాలు పూర్తిగా మానాక నిదానంగా పారే మంచినీటి కాలువలో, నడుముకు పట్టీ కట్టి ఈదించవచ్చు. నీళ్ళు బరువు మోస్తాయి కాబట్టి కీళ్ళ మీద భారం పడకుండా కండ పెరుగుతుంది. ఒక కాలు తీసేయాల్సి వచ్చినా భయపడకండి. మిగిలిన కీళ్ళు బాగుంటే పెద్ద కుక్కలు కూడా మూడు కాళ్ళ మీద నడవడం నేర్చుకుంటాయి.

ఒంటి కన్నా మనసు మెల్లగా మానుతుంది. కర్రతో దెబ్బలు తిన్న కుక్క చీపురు చూసినా నేలకు కరుచుకుపోతుంది. దానికి రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే పేరుతో పిలిచి తిండి పెట్టాలి. అది మన దగ్గరికి వచ్చేదాకా మనం చెయ్యి చాచకూడదు. గుర్రుమంటే కొట్టకూడదు. ఆ గుర్రు దాని భయం చెప్పే మాట. దాన్ని కొట్టి మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది. పిల్లలను మొదటి వారాల్లో దూరంగా ఉంచండి. కొన్ని కుక్కలకు నెలలు పడుతుంది. కొన్ని జీవితాంతం కొత్తవాళ్ళను చూస్తే బెదురుతూనే ఉంటాయి. అవీ ప్రేమకు అర్హమైనవే.

మీ క్షేమం కూడా చెప్పుకోవాలి. కుక్క కరిచినా, గీరినా, ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. పసుపూ కారం రాయకండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ రాకుండా సూది వేయించుకోండి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి. కరిచిన కుక్కను 10 రోజులు గమనించండి. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత వైద్యం చేతిలో దాదాపు ఏమీ ఉండదు. 1885 జూలైలో శాస్త్రవేత్త పాశ్చర్ ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసినప్పటి నుంచీ సూది సమయానికి పడితే ప్రాణం దక్కుతూనే ఉంది. కుక్కలను కాపాడే పనిలో ఉండేవారు ముందుగానే టీకా వేయించుకోవడం ఇంకా మంచిది.

ఈ పనిని జీవితంగా మలచుకున్నవారు మన తెలుగు నేల మీద ఉన్నారు. అమల అక్కినేని 1992లో హైదరాబాద్ బ్లూ క్రాస్‌ను మొదలుపెట్టారు. ప్రదీప్ కుమార్ నాథ్ 1996లో విశాఖలో వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థను స్థాపించారు. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన క్లెమెంటియన్ పావ్స్ 2000లో పుట్టపర్తిలో కరుణ సొసైటీని ప్రారంభించారు. ఇవన్నీ మనకు దూరం. దివిసీమలో గాయపడిన కుక్కకు మొదటి గంటలో దొరికేది దాని పక్కనున్న రైతు, చేపల వేటకు వెళ్ళే మనిషి, బడికి వెళ్ళే పిల్లవాడు. అందుకే ఈ సంగతులు ప్రతి ఇంటికీ తెలియాలి.

చట్టం కూడా మన వైపే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం నేరం. పొట్టి గొలుసుతో, బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. వదిలేసి పోవడమూ నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ అంకె చాలా చిన్నది, అది మారాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ ఇంకా గట్టిది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా 5 ఏళ్ళ దాకా జైలు శిక్ష ఉంటుంది. గట్టు మీద వదిలేసిన కుక్క కనిపిస్తే ముందు యజమానిని కనుక్కోండి. చాలాసార్లు అతనూ అప్పుల్లో మునిగినవాడే అయ్యుంటాడు. పంచాయతీ పెద్దల ఎదుట మాట్లాడి, కుక్కను ఇస్తున్నట్టు రాయించుకుంటే రేపు గొడవ ఉండదు.

అసలు ఈ దుస్థితి రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. మంచు కొండల్లో పుట్టిన సెయింట్ బెర్నార్డ్‌ను మన తీరపు ఉక్కపోతలోకి తేకండి. కాపలాకు కుక్క కావాలంటే మన నేల కుక్కనే పెంచుకోండి. కొల్లేటి జాగిలం అని పేరున్న జోనంగి మన తీరానిదే. పొట్టి బొచ్చు, చురుకైన ఒళ్ళు. ఒకప్పుడు బాతుల మందలను తోలేది. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దాని పనే పోయింది. చెరువు గట్టు మీద దానికి మళ్ళీ చోటు ఇవ్వవచ్చు. పెద్ద జాతి కుక్క ఇప్పటికే ఉంటే, లీజు పత్రం రాసుకునే రోజే దాని బాధ్యత ఎవరిదో కూడా రాసుకోండి.

మరొకటి, దివిసీమవాళ్ళకు నేను చెప్పనక్కరలేనిది. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు పది వేలకు పైగా మనుషులు పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. గుంజకు కట్టేసి ఉన్న పశువు ఈదలేదు. తుఫాను హెచ్చరిక అందగానే పశువుల పలుపుతాడుతో పాటు కుక్క గొలుసు కూడా విప్పండి. వెంట తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిది.

కుక్క గోడు వినడం మనకు కొత్త కాదు. తెలుగులో మన ఆదికవి నన్నయ భారతంలో కథ ఆరంభంలోనే ఒక కుక్క వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ముళ్ళు కొట్టి తరిమారు. దాని తల్లి సరమ రాజు ఎదుటికి వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. మంచిచెడ్డలు తలచకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసేవారికి కారణం లేని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్ళిపోయింది. రాజు ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. కలత పడ్డాడు, శాంతి చేయించగల పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు. ఒక కుక్క అడిగిన న్యాయానికి చక్రవర్తి తలవంచిన కథతో మొదలైంది మన సాహిత్యం.

మన ఊళ్ళలో సరమ మాట్లాడదు. ఆమె పక్షాన మనమే అడగాలి, మనమే జవాబు కూడా చెప్పాలి. అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి పంచాయతీలో ఇద్దరు ముగ్గురు యువకులు ముందుగా టీకా వేయించుకుని, పశువైద్యశాలలో రెండు రోజులు కూర్చుని కట్టు కట్టడం, సురక్షితంగా ఎత్తడం నేర్చుకుంటే చాలు. ఒక పాత మంచం, నాలుగు గోనెసంచులు, 1962 నంబరు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటే ఏ గట్టు మీద పడి ఉన్న కుక్కకైనా మొదటి రోజు గడుస్తుంది. ఆ తర్వాత రోజులకు కావలసిన ఓర్పు వ్యవసాయం చేసే మనకు కొత్త కాదు. ఈ వారమే మీ ఊరి పశువుల డాక్టరుగారిని కలిసి ఆ మాట కదపండి.